వండిపెట్టని ఇల్లు

తిరుపతిలో పరాయి మనిషికి ఇంత అన్నం, ఇంత నీడ దొరకడం కొత్త సంగతి కాదు. రోజుకు 60, 70 వేల మంది కొండెక్కి దిగే ఊరు. స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం, ఆ చుట్టుపక్కల సందుసందుకూ లాడ్జీలు. యూనివర్సిటీలు, కోచింగ్ సెంటర్ల పుణ్యమా అని హాస్టళ్ళకూ కొదవ లేదు. కొండ మీద 1985లో మొదలైన నిత్యాన్నదానం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఇన్ని ఉన్న ఊళ్ళో మా తమ్ముడికి కావలసిన ఇల్లు దొరకలేదు. వాడికి ఆసుపత్రి అవసరం తీరిపోయింది. అలాగని రేపటి నుంచి ఒక గదిలో ఒంటరిగా ఉండు, వండుకో, టైముకి మాత్రలు వేసుకో, పనికి పోయి రా అంటే చేతనయ్యే స్థితీ లేదు. ఏడాదో, రెండేళ్ళో ఉండి అవన్నీ నేర్చుకుని బయటపడే ఇల్లు కావాలి. డాక్టర్లు హాఫ్‌వే హోమ్ అంటారు. మేం వెతికిన రోజుల్లో తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ అలాంటిది ఉందని మాకెవరూ చూపించలేకపోయారు. చివరికి బెంగళూరు పంపాం.

తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు. పేరు రాయొద్దన్నాడు, మిగతాదంతా రాసుకో అక్కా అన్నాడు. ఇంజినీరింగ్ మూడో ఏడులో జబ్బు మొదలైంది. స్కిజోఫ్రీనియా. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని చెవులు మూసుకుని మూల కూర్చునేవాడు. చిత్తూరువాళ్ళకి పెద్ద జబ్బు వస్తే మొదట గుర్తొచ్చేది తమిళనాడులోని రాయవేలూరే (వెల్లూరు) కదా. అక్కడి పెద్దాసుపత్రి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వాళ్ళ మానసిక ఆరోగ్య కేంద్రం అక్కడ బాగాయంలో 1957 నుంచి ఉంది. రోగితో పాటు ఇంటి మనిషి కూడా ఉండి, జబ్బు గురించి తెలుసుకుని, చూసుకోవడం నేర్చుకుని వెళ్ళడం అక్కడి పద్ధతి. పిన్నమ్మ ఉండింది. వైద్యం బాగా జరిగింది. మాటలు వినిపించడం తగ్గింది, నిద్ర కుదిరింది, ఇంటికి పంపారు.

ఆ తర్వాత ఇంట్లో జరిగిందే నన్ను ఇది రాయిస్తోంది. పిన్నమ్మ వాడికి అన్నం కలిపి పళ్ళెం చేతికిచ్చేది. మాత్రలు అరచేతిలో పెట్టి, మింగిందాకా నిలబడి చూసేది. వేన్నీళ్ళు తోడేది. బయటికి పోతానంటే ‘నీకెందుకు నాయనా, ఏం కావాలో చెప్పు, నేను తెస్తా’ అనేది. ప్రేమే, ఎవరు కాదంటారు? కానీ ముప్ఫై దాటిన మనిషికి ఏటీఎంలో డబ్బు తీయడం రాదు. బస్సులో ఎక్కడ దిగాలో కండక్టరును అడగాలంటే చెమటలు పడతాయి. గ్యాసు పొయ్యి ముట్టించనివ్వరు. ఇందులో జబ్బు పోగొట్టింది ఎంత, ఇల్లు పోగొట్టింది ఎంత అని లెక్క తీస్తే రెండోదే ఎక్కువని నా అనుమానం. చెయ్యి విరిగి బర్డ్ ఆసుపత్రికి పోతే, కట్టు విప్పాక ఆ చేతిని ఎన్నాళ్ళు ఎలా ఆడించాలో నేర్పి పంపుతారు. మనసుకు కట్టు విప్పిన రోజున మాత్రం ‘ఇంక కదపొద్దు, జాగ్రత్త’ అని కూర్చోబెడతాం.

చిన్నాయన పోయాక పిన్నమ్మకు భయం పట్టుకుంది. నేను కూడా పోతే వీడికి ఎవరు? మానసిక వైద్యుడి గది బయట బెంచీల మీద కూర్చున్న ఏ తల్లిని కదిలించినా ఇదే మాట. దానికి జవాబుగా మన దగ్గర ఉన్నవి రెండే. ఒకటి, అన్నో అక్కో తీసుకుపోయి వెనక గదిలో పెట్టుకోవడం. రెండోది, ఏదో ఒక ఆశ్రమంలో వదిలేసి నెలనెలా డబ్బు కట్టడం. ఈ రెండోదాని చివర ఏముంటుందో తమిళనాడులోని ఏర్వాడి చూపించింది. 2001 ఆగస్టు 6న అక్కడ మానసిక రోగులను ఉంచిన ఒక షెడ్డుకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. అంత ఘోరం ప్రతిచోటా జరగదు, నిజమే. కానీ గొలుసు లేని చోట గేటుకు తాళం ఉంటుంది. తాళం కూడా లేని చోట ‘నీకేం తెలుసు, కూర్చో’ అనే మాట ఉంటుంది.

బెంగళూరు ఇల్లు చూడ్డానికి మామూలు మేడ. పది మందికి కాస్త అటూ ఇటూగా ఉన్నారు, గేటుకు తాళం లేదు. పిన్నమ్మకు అదే మొదటి టెన్షన్. ‘తాళం లేకపోతే ఎట్లమ్మా, వీడు ఎటన్నా పొయ్యేస్తే?’ అని అడిగింది. అక్కడి హౌస్ మేనేజరు కన్నడ యాస తెలుగులో, ‘పోతే తిరిగి రావడం నేర్పిస్తామమ్మా’ అంది. పిన్నమ్మకు ఆ జవాబు ఎంతమాత్రం నచ్చలేదు. నాకు ఆ ఇంటి మీద గురి కుదిరింది ఆ క్షణంలోనే.

వాళ్ళు చేసిన పని వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని గురించి మాట్లాడేటప్పుడు అందరూ ‘కౌన్సెలింగ్ ఇస్తారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కౌన్సెలింగ్ ఉంది, వారానికి ఒక గంట. మిగతా గంటలన్నీ ఇంటి పనులే. మాత్రల సంగతి తీసుకోండి. మొదట్లో స్టాఫే ఇచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు ఏడు రోజుల అరలున్న డబ్బా చేతికిచ్చి ఆదివారం తనే నింపుకోమన్నారు, మేనేజరు ఒకసారి సరిచూసేది. ఆ తర్వాత చీటీ కూడా వాడి దగ్గరే. మందులు ఎప్పుడు అయిపోతున్నాయో చూసుకుని, షాపుకెళ్ళి కొనుక్కుని, బిల్లు దాచుకోవాలి. ఒకరి చేతిలో ఉన్న పని మెల్లగా ఇంకొకరి చేతిలోకి మారింది, అంతే. కానీ ఆ మారడానికి నెలలు పట్టింది.

వంట కూడా అంతే. జతకు ఇద్దరు, వారానికి ఒక రోజు. ముందు రోజు సాయంత్రం డబ్బు ఇస్తారు, మార్కెట్టుకు పోయి బేరమాడి తెచ్చుకోవాలి, లెక్క రాయాలి. మావాడి మొదటి వంట సంగటి. ముద్ద కట్టలేదు, జావకూ సంగటికీ మధ్యలో ఆగిందట. ఎవరూ మెచ్చుకోలేదు, అలాగని ఎవరూ లేచి వాడి చేతిలోంచి తెడ్డు లాక్కోలేదు. అందరూ అదే తిన్నారు. మా ఇంట్లో అయితే ఈపాటికి ముగ్గురు ఆడవాళ్ళు వంటింట్లోకి దూరేవాళ్ళం. బాత్‌రూము ఎవరు కడగాలి, టీవీ రిమోటు ఎవరి దగ్గర ఉండాలి అని అక్కడ వారంవారం మీటింగు పెట్టుకుని పోట్లాడుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఎవరితోనూ పోట్లాడని మనిషి, ‘నా వంతు కాదు, నేను కడగను’ అన్నాడని మేనేజరు ఫోన్ చేసి సంతోషంగా చెప్పింది.

మధ్యలో ఒకసారి బెడిసింది. నిద్ర తప్పింది, మళ్ళీ అనుమానాలు. పిన్నమ్మ పెట్టె సర్దుకుని బయల్దేరింది, వెనక్కి తెచ్చేసుకుందామని. వాళ్ళు డాక్టరుకు చూపించారు, మందు మార్చారు, వంట డ్యూటీ తాత్కాలికంగా ఆపారు. నాకు ఆ ఇంటి నియమాల్లో బాగా నచ్చింది ఇదే: బెడిసిన ప్రతిసారీ మొదటి మెట్టుకు తోసెయ్యరు. ఇంకోటి, చేరిన రోజునే ‘ఎప్పుడు వెళ్ళాలనుకుంటున్నావు, ఎక్కడికి’ అని అడిగి ఫైలులో రాశారు. ఆ తేదీ తర్వాత మారింది. కానీ తేదీ అంటూ ఒకటి ఉంది.

ఇదంతా ఎవరో మంచివాళ్ళు దయతో చేసే పని అనుకుంటే పొరపాటు. ఇది హక్కు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 19వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంటుంది: ఇంట్లోవాళ్ళు రానివ్వలేదని, ఇల్లే లేదని, బయట ఉండడానికి తగిన ఏర్పాటు లేదని చెప్పి ఒక మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయడానికి వీల్లేదు. హాఫ్‌వే హోములు, గ్రూప్ హోముల వంటివి ప్రభుత్వమే పెట్టాలి, లేదా పెట్టేవాళ్ళకు సాయం చేయాలి. ఉత్తరప్రదేశ్‌లో జబ్బు నయమైనా ఆసుపత్రుల్లోనే మగ్గుతున్నవాళ్ళ గురించి గౌరవ్ కుమార్ బన్సల్ అనే న్యాయవాది వేసిన కేసులో సుప్రీంకోర్టు 2017లోనే ఈ మాట గట్టిగా చెప్పింది. ఆ తర్వాత ఏం జరిగిందంటే, ఉన్న వృద్ధాశ్రమాలకే హాఫ్‌వే హోమ్ అని పేరు తగిలించడం మొదలైంది. అలా పేరు మారిస్తే చట్టం అమలు చేసినట్టు కాదని 2021లో కోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. బోర్డులు రాసేవాళ్ళకి తప్ప ఎవరికీ లాభం లేని పని అది.

ఈ విషయం ఎక్కడ ఎత్తినా మనవాళ్ళు మొదట అనేది, ‘మనకు కుటుంబాలున్నాయి కదమ్మా, ఇవన్నీ ఫారిన్ వాళ్ళకి’ అని. కుటుంబం విలువ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, మా పిన్నమ్మను చూశాను. బాగాయం పద్ధతిలో కుటుంబాన్ని వైద్యంలో భాగం చేయడం ఎంత గొప్పదో కూడా చూశాను. నా వాదన వేరు. తల్లి మనసుకు చేతకాని పనులు కొన్ని ఉంటాయి. సంగటి చెడిపోతున్నా చేతులు కట్టుకుని చూడడం తల్లికి చేతకాదు. కొడుకు తప్పు బస్సెక్కి రేణిగుంటలో దిగి ఫోన్ చేస్తే, ‘సరే, ఎదురుగా వచ్చే బస్సెక్కి వచ్చేయ్’ అని పెట్టేయడం చేతకాదు. అందుకు జీతం తీసుకునే పరాయి మనిషి కావాలి.

ఇక్కడే మన ఊరి దానధర్మాల గురించి ఒక మాట. తిరుపతిలో దాతలకు కరువు లేదు. పుట్టినరోజుకు అన్నదానం, పెద్దల తద్దినానికి అన్నదానం, వార్డుకు ఫ్యాన్లు, గోడకు పేరు. ఒక వార్డెన్ జీతం ఏడాది పాటు నేనిస్తాను అన్న దాతను నేను ఇంతవరకూ చూడలేదు. జీతం మీద పేరు చెక్కించుకోలేరు మరి. హాఫ్‌వే హోముకు అసలు ఖర్చు మనుషులే. బాడుగకు తీసుకున్న మామూలు ఇల్లు, ఒక హౌస్ మేనేజరు, పగలొకరు రాత్రొకరు, వారానికోసారి వచ్చే సోషల్ వర్కరు. అన్నం విషయానికొస్తే అలాంటి ఇంటికి రోజూ క్యారేజీలు పంపిస్తామన్నా వద్దనాలి. వండిపెడితే ఆ ఇల్లు చేయాల్సిన పని ఆగిపోతుంది. ఇది మా బంధువుల్లో ఒకాయనకు చెప్తే, ‘అన్నం వద్దనే ఆశ్రమం ఎక్కడన్నా ఉంటుందా తల్లీ’ అని నవ్వాడు.

ఈ అవసరం మానసిక జబ్బున్నవాళ్ళకే అనుకోకండి. బాలల సదనాల్లో పెరిగిన పిల్లలకు పద్దెనిమిది నిండుతాయి. జువెనైల్ జస్టిస్ చట్టం 2015 ప్రకారం ఆ తర్వాత 21 ఏళ్ళ వరకు ఆఫ్టర్ కేర్ అని సాయం ఉంది, తప్పనిసరైతే 23 వరకూ పొడిగించవచ్చు. కేంద్రం మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4000 రూపాయలు. తిరుపతిలో అది ఒక గది బాడుగకు పోతుంది. మన ఇళ్ళలో ఎంతమంది కొడుకులు 21 ఏళ్ళకు సొంతంగా బతికేస్తున్నారు? ఇరవై ఆరేళ్ళ ఇంజినీరు బట్టలు అమ్మ ఉతికే సమాజం, అమ్మానాన్నా లేని పిల్లను మాత్రం పెట్టె చేతికిచ్చి ‘ఇక నువ్వు మేజరువి’ అంటుంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు, కొట్టే మొగుడి నుంచి బయటపడ్డ ఆడవాళ్ళు, జైలు నుంచి వచ్చినవాళ్ళు, అందరికీ కావలసింది దాదాపు ఇదే. అందరినీ ఒకే ఇంట్లో కుక్కమని కాదు నా ఉద్దేశం.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, బలమైనదే. న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త 1992లో మొదలుపెట్టిన పద్ధతి: రోడ్డు మీద ఉన్నవాడిని ‘ముందు బాగుపడు, తాగుడు మానెయ్, తర్వాత ఇల్లు’ అని మెట్లెక్కించొద్దు, ముందు ఇల్లు ఇచ్చేయండి, మిగతా సాయం ఆ ఇంటికే వస్తుంది. ఫిన్లాండ్ 2008 నుంచి దేశమంతటా అదే బాట పట్టింది. చెన్నైలో 1993లో మొదలైన బాన్యన్ సంస్థ కూడా, ఏళ్ళ తరబడి తమ దగ్గరే ఉండిపోయిన ఆడవాళ్ళను నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లోని బాడుగ ఇళ్ళకు మార్చింది, తోడుగా ఒక కార్యకర్తను పెట్టి. నేర్చుకున్నాక ఇల్లు కాదు, ఇంట్లో ఉంటూనే నేర్చుకోవడం. గోవిందరాజస్వామి గుడి చుట్టూ మెట్ల మీద పడుకునేవాళ్ళ విషయంలో నేను వీళ్ళతో పూర్తిగా ఏకీభవిస్తాను. వాళ్ళకు పరీక్షలు పెట్టడం అన్యాయం. మా తమ్ముడి విషయంలో మాత్రం, తల్లి వంటింటి నుంచి నేరుగా తాళంచెవి చేతికిచ్చి గదిలో దింపి ఉంటే నెల తిరక్కుండా వెనక్కి వచ్చేవాడు. చుట్టూ తనలాంటి తొమ్మిది మంది తడబడుతూ ఉండడమే వాడికి ధైర్యం ఇచ్చింది. కాబట్టి ఏదో ఒక్కటే సరైన దారి అనే గొడవ నాకొద్దు. ఇక్కడ రెండూ లేవు కదా, ఏదో ఒకటి పెట్టండి ముందు.

బెంగళూరు నుంచి వచ్చాక అసలు పరీక్ష బాడుగ ఇల్లు. తిరుమల కొండ మీద ఒక్కరే వస్తే టీటీడీ గది ఇవ్వదు. లాకరు తీసుకుని హాల్లో పడుకోవాలి. ఆ నియమానికి వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి. కింద ఊళ్ళో ఓనర్లదీ అదే ధోరణి. ఫ్యామిలీనా? పెళ్ళి కాలేదా? ఈ వయసులో ఇంకా ఎందుకు కాలేదు? తర్వాత కులం. ఇవన్నీ దాటాక జబ్బు సంగతి చెప్పాలా వద్దా? నేను చెబుదామన్నాను. వాడు వద్దన్నాడు. ‘బీపీ ఉందని ఓనరుకు చెప్పి చేరతావా అక్కా నువ్వు?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మానసిక జబ్బున్నవాళ్ళలో ఎక్కువమంది ఎవరికీ హాని చేయరు, హానికి గురయ్యేదే ఎక్కువ. ఇది డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా పక్కింటివాళ్ళ చెవికెక్కదు. చివరికి బైరాగిపట్టెడలో మేడ మీద ఒక గది దొరికింది, అగ్రిమెంటు నా పేరు మీద. సంస్థే తన పేరు మీద ఇళ్ళు బాడుగకు తీసుకుని, అందులో వీళ్ళను ఉంచి, ఓనరుకు ఏదైనా ఇబ్బంది వస్తే తనే బాధ్యత పడితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. అందరికీ అగ్రిమెంటు రాసిచ్చే అక్క ఉండదు.

ఇప్పుడు వాడు యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపులో థీసిస్‌లు టైపు చేస్తాడు. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్టు మీద 6000 పింఛను వస్తుంది. అది చిత్తూరు చిరునామా మీద ఉంది కాబట్టి ప్రతి నెలా ఒకటో తేదీకి బస్సెక్కి పోయి, తల్లికి కనిపించి, తీసుకుని వస్తాడు. మందులు రుయా ప్రభుత్వాసుపత్రిలో. రాత్రిళ్ళు మరీ మనసు బాగలేకపోతే ప్రభుత్వ మానసిక సాయం లైను టెలీమానస్‌కు (14416) ఫోన్ చేసి తెలుగులో మాట్లాడతాడు, నన్ను లేపడు. అంతా బాగుందని చెప్పను. ఆదివారాలు వాడికి భారం, స్నేహితులు లేరు. గది శుభ్రం సంగతి అడక్కండి. పిన్నమ్మ వచ్చినప్పుడల్లా ఊరిబిండి డబ్బా తెస్తుంది, పనిలో పనిగా గదంతా ఊడ్చి పోతుంది. వాడు వద్దంటాడు, ఆమె వినదు. ఈ యుద్ధంలో నేను వాడి పక్షం.

ఆసుపత్రి బెంచీల మీద పరిచయమైన కొన్ని కుటుంబాలం కలిసి తిరుపతిలోనే ఒక ఇల్లు బాడుగకు తీసుకుందామని మాట్లాడుకుంటున్నాం. నలుగురితో మొదలుపెట్టాలని. దానికి చట్టం ప్రకారం ఏ రిజిస్ట్రేషన్లు, ఏ అనుమతులు కావాలో కనుక్కుంటున్నాం. ఎం.ఆర్.పల్లి వైపు ఒక ఇల్లు చూశాం, బస్సు స్టాపుకూ కూరగాయల అంగడికీ నడిచి పోయేంత దూరం. మేనేజరు జీతం పంచుకోవడం దగ్గర అందరూ ఒప్పుకున్నారు. అడ్వాన్సు దగ్గరా ఒప్పుకున్నారు. గేటు దగ్గర ఆగిపోయింది. ఇద్దరు తండ్రులు రాత్రిపూట అయినా బయటి నుంచి తాళం వేయాల్సిందే అంటున్నారు. తాళం వేసేట్టయితే నేను, మా తమ్ముడు ఇందులో ఉండేది లేదని చెప్పేశాం. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం, ఈసారి ఆ ఇంట్లో ఉండబోయే నలుగురినీ పిలిచాం. వాళ్ళను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.